కంతు కట్టనివాళ్ళ తలుపు

నేను ఒక గడ్డపారని. నిలబెడితే మీ గడ్డం దాకా వస్తాను. పడుకోబెడితే ఎవరి కాలికో తగిలి తిట్లు తింటాను. ఒక కొన మొన, రెండో కొన పలక, మధ్యలో ఉన్నదంతా మొండితనం. నా ఒంటి మీద ఎక్కడ తడిమినా దెబ్బలే. కొన్ని నేను తిన్నవి, కొన్ని నేను కొట్టినవి. ఏది ఏదో గుర్తుపట్టే వయసు దాటిపోయింది.

పూర్వాశ్రమంలో నేను ఒక లారీ ఇరుసుని. ఆ లారీ మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని ఘాట్ రోడ్డు దిగుతూ మలుపులో లోయలోకి దొర్లింది, దొర్లి అంటుకుంది. ఆ ఘాటుకి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తుమ్మాయి. ఒక ఊళ్ళో పెళ్ళికొడుకు మొదటి ముడి దగ్గర తుమ్మి తాళి జారవిడిచాడు. ఇంకో ఊళ్ళో ఎద్దు తుమ్మి కాడి విరగ్గొట్టింది. అబద్ధం అనుకుంటే ఆ ఎద్దునే అడగండి. అది పోయి చాలాకాలమైంది కాబట్టే నేనింత ధైర్యంగా చెబుతున్నాను.

కాలిపోయిన ఆ లారీలోంచి నన్ను కోసి కమ్మరి వీరాచారికి అమ్మారు. ఆయన నన్ను కొలిమిలో పెట్టి, ఎర్రగా అయ్యాక దాకలి మీద పడేసి కొట్టాడు. ఊరికే కొట్టలేదు, పళ్ళు కొరుకుతూ కొట్టాడు. పొద్దున భార్యతో జరిగిన తగవులో అనలేకపోయిన మాటలన్నీ నా వీపు మీద అన్నాడు. తరువాత నీళ్ళలో ముంచితే నేను అరిచిన అరుపుకి వీధిలో కుక్కలు పరుగెత్తాయి. ఆ అరుపు ఆవిరి చప్పుడేనని చదువుకున్నవాళ్ళు అంటారు. వాళ్ళని ఒకసారి ముంచి చూడాలి.

నన్ను కొన్నది అంకమ్మ. మాది పల్నాడు వైపు, నాపరాయి తీసే క్వారీల పక్కన వడ్డెర కాలనీ. అంకమ్మ అక్కడ రాళ్ళు లేపే పనికి పోయేది. గడ్డపార మాత్రం ఆమెది కాదు, మేస్త్రిది. దాన్ని వాడుకున్నందుకు ఆయన రోజూ కూలిలో కోసుకునేవాడు. ఒకరోజు రాయి కింద ఆ గడ్డపార మొన విరిగింది. మేస్త్రి చెప్పు తీసి అందరి ముందూ అంకమ్మ చెంప మీద కొట్టాడు. విరిగిన ఇనుము ఖరీదు నెలంతా కోశాడు. ఆ చెంప మీద వాపు తగ్గకముందే కాలనీకి శ్రీధర్ సారు మోటారు సైకిలు మీద వచ్చాడు.

పేదవాళ్ళకి చిన్న అప్పులిచ్చే కంపెనీ మనిషి ఆయన. మెత్తగా మాట్లాడతాడు. పొలం అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు, ఐదుగురు ఆడవాళ్ళు ఒకరికొకరు పూచీ ఉంటే చాలన్నాడు. ఒకరు వారం కంతు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. మొత్తం లెక్క తేలేదాకా మీటింగులోంచి ఎవరూ లేవకూడదు. అప్పు ఇచ్చేముందే బీమా కింద కొంత పట్టుకుంటారు. ఇంటాయనకి ఏదైనా జరిగితే ఆ అప్పు కంపెనీయే తీర్చుకుని, పైన కొంత చేతికిస్తుంది.

"కంపెనీ కూడా మీ గ్రూపులో ఒక మనిషే అనుకోండమ్మా" అన్నాడు.

ఆ మాట వాళ్ళకి నచ్చింది. కుర్చీలో కూర్చున్నవాడు కింద కూర్చున్నవాళ్ళని తనతో కలుపుకోవడం అంతకుముందు వాళ్ళు చూడలేదు.

ఆ అప్పుతో అంకమ్మ వీరాచారి కొట్టానికి వచ్చి నన్ను ఎత్తి చూసింది.

"వంగిద్దా చారయ్యా?"

"వంగితే తెచ్చి నా నెత్తిన కొట్టు."

"నెత్తి గట్టిదేలే. నా డబ్బులు గట్టియ్యి కాదు, ఇంకొంచెం తగ్గించు."

అదే వారం తన అప్పుతో ఆమె జోడీ గురవమ్మ సమ్మెట కొనుక్కుంది. ఇద్దరిదీ ఒకే పని. రాతి పొరలో నా మొనని దూర్చి అంకమ్మ రెండు చేతులతో పట్టుకుంటుంది, గురవమ్మ సమ్మెటతో నా తల మీద కొడుతుంది. దెబ్బ వేలెడు పక్కకి పడితే అంకమ్మ చేతులుండవు. అందుకని అంకమ్మ "ఊఁ" అన్నాకే గురవమ్మ సమ్మెట దించేది. నేను తిన్న దెబ్బలన్నిట్లోకీ అవి మంచి దెబ్బలు. బండ లేచేటప్పుడు భూమి లోపల ఎవరో ఒళ్ళు విరుచుకున్నట్టు చప్పుడయ్యేది. ఒకసారి మేము లేపిన బండ కింద అవతలి దేశపు చీకటి కనిపించింది. సరే, నమ్మకండి.

అప్పు మంచిదా చెడ్డదా అని పెద్దపెద్దవాళ్ళు హాళ్ళలో ఫ్యాను కింద వాదించుకుంటారట. నన్నడిగితే, ఆ ఏడాది మాత్రం మంచిదే. మేస్త్రి కోత పోయింది. ఇద్దరూ సొంత పనిముట్లతో బండకింత లెక్కన పని పట్టారు. రాత్రి అన్నంలోకి కూర వచ్చింది. గురవమ్మ, ఆమె మొగుడు కోటయ్య కలిసి క్వారీలో పారేసిన ముక్కబండలు మోసుకొచ్చి, మట్టితో పేర్చి ఇల్లు కట్టారు. రెండో అప్పుతో వేపచెక్క ద్వారబంధం, తలుపు పెట్టించారు. కాలనీలో తక్కిన ఇళ్ళకి గోనెపట్టాలో రేకుముక్కలో ఉండేవి. గురవమ్మ పనేమీ లేకపోయినా ఆ తలుపు వేసేది, తీసేది. కిర్రుమంటే నూనె పోసేది, కిర్రుమనకపోతే బెంగపడేది. మరుసటి ఏడు కల్లా ఆమెని చూసి ఇంటింటికీ తలుపు వచ్చింది.

తరువాత సార్లు ఎక్కువయ్యారు. సోమవారం ఒక కంపెనీ, మంగళవారం ఇంకొకటి, బుధవారం మూడోది. కాలనీలో కోళ్ళకంటే మోటారు సైకిళ్ళు ఎక్కువై కోళ్ళే పక్కకి తప్పుకునేవి. అప్పులు పనిముట్ల నుంచి పెళ్ళిళ్ళకి, పెళ్ళిళ్ళ నుంచి ఆసుపత్రులకి, అక్కణ్నుంచి పాత అప్పులకి పాకాయి. సోమవారం సారుకి కట్టడానికి మంగళవారం సారు దగ్గర తీసుకునేవాళ్ళు. సార్లందరికీ ఈ సంగతి తెలుసు. ఏ సారూ పక్క సారు ముఖం చూసేవాడు కాదు.

అప్పుడు గ్రూపులోని సామ్రాజ్యం కంతు ఎగ్గొట్టి పుట్టింటికి పోయింది. నోరు పెద్దది, చేతులు అంతకన్నా పెద్దవి ఆమెవి. ఆమె వంతు కట్టాల్సి వచ్చిన నలుగురూ మండిపడ్డారు. అంకమ్మ నన్ను భుజాన వేసుకుని పోయి, సామ్రాజ్యం ఇంటి తలుపుని బందులలోంచి పీకి, తెచ్చి తన గోడకి ఆనించింది. ముందు పట్టు పట్టింది గురవమ్మ. నవ్వుకుంటూనే చేశారు. మర్నాడే సామ్రాజ్యం వచ్చి అంకమ్మ జుట్టు పట్టుకుంది, అంకమ్మ ఆమె చెవికమ్మ పట్టుకుంది. ఇద్దరూ వీధి పొడుగునా దొర్లారు. చెవితమ్మె తెగి రక్తం కారింది. దొర్లడం అయ్యాక సామ్రాజ్యం ఎక్కడో చేబదులు తెచ్చి కట్టి, తలుపు నెత్తిన పెట్టుకుని పోయింది.

శ్రీధర్ సారు విన్నాడు.

"నేను చెప్పలేదమ్మా. మీలో మీరే చేసుకున్నారు. ఈ క్రమశిక్షణ బాగుంది" అన్నాడు.

ఆ ‘బాగుంది’ పక్క ఊళ్ళకి పాకింది. కట్టనివాళ్ళ తలుపు పీకడం పద్ధతైపోయింది. నన్ను అరువడిగి తీసుకుపోయేవాళ్ళు. రాయి మీద నాకున్న పేరు తగ్గి తలుపుల మీద పెరిగింది. ఎన్ని ఇళ్ళు నోళ్ళు తెరిచి నిలబడ్డాయో, ఎన్ని వంటగిన్నెలు వీధిలో పడ్డాయో. ఒక ముసలమ్మ తలుపుని కావలించుకుని వదలకపోతే ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశారు. ఒక మొగుడు పెళ్ళాన్ని తలుపు పోయినందుకు కొట్టాడు, ఇంకొకడు తలుపు కాపాడినందుకు కొట్టాడు. ఇన్ని జరిగినా సార్లెవరూ ఎవరి మీదా చేయి వేయలేదు. వాళ్ళ చొక్కాలకి మరక కూడా అంటలేదు. నేను ఇనుముని, కొట్టడమే నా పుట్టుక, అయినా అంత శుభ్రంగా కొట్టడం నాకెప్పుడూ చేతకాలేదు.

ఆ ఎండాకాలం క్వారీలో బండలో కూరిన మందు ఒకటి పేలలేదు. ఎందుకు పేలలేదో చూసిరమ్మని మేస్త్రి కోటయ్యని పంపాడు. అతను దగ్గరికి పోయి వంగాక పేలింది. మిగిలినదాన్ని టార్పాలిన్‌లో మూటగట్టి తెచ్చారు. గురవమ్మ మూట విప్పబోతే అంకమ్మ ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచిపట్టి విప్పనీయలేదు.

బీమా కాగితాలన్నీ గురవమ్మ శ్రీధర్ సారుకి ఇచ్చింది. కోటయ్య పోయాడు కాబట్టి అప్పు కంపెనీదే. సారు కూడా కాదనలేదు. పైనుంచి రావాలన్నాడు. వచ్చేదాకా మాత్రం వారం వారం కంతు ఆగకూడదన్నాడు. కొన్ని వారాలు నలుగురూ గురవమ్మ వంతు కట్టారు. కట్టి కట్టి వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగడం తగ్గింది.

ఒక సోమవారం మీటింగు మధ్యాహ్నం దాకా సాగింది. రేకుల కింద ఉడికిపోతున్నారు. ఒకామె ఒళ్ళో పసిపిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఊరికే నోరు తెరుస్తోంది. సారు ఎవరినీ లేవనివ్వలేదు.

"నా కాడ ఏం లేదు సారూ. మీరు నాకియ్యాల్సిందాంట్లో పట్టుకోండి" అంది గురవమ్మ.

"అది వేరే, ఇది వేరేనమ్మా."

సామ్రాజ్యం గురవమ్మ వైపు తిరిగింది.

"నా తలుపు పీకినప్పుడు ముందు పట్టు పట్టింది నువ్వే గదా వదినా? నాకో పద్ధతీ నీకో పద్ధతా?"

"నీ మొగుడు బతికుండాడు కదే."

"బతికుండి ఏం పొడిచాడు? వాడికీ నేనే పెడతన్నా."

ఎవరూ నవ్వలేదు. అందరూ అంకమ్మని చూశారు. గడ్డపార ఆమెది. సారు లేచి, బండి దగ్గర ఉంటానని చెప్పి బయటికి వెళ్ళాడు. అలా వెళ్ళడమే ఆయన సంతకం.

గురవమ్మ ముందే ఇంటికి పరుగెత్తి గడపలో నిలబడింది. లోపల ఆమె కూతురు ఉంది. ఆ పిల్ల పెద్దమనిషై ఇంకా నెల కాలేదు. తలుపు పోతే ఆ పిల్ల వీధిలో పడుకున్నట్టే.

"పక్కకి రా గురవా. రెండు రోజులు. నా గోడకే గదా ఆనిస్తా" అంది అంకమ్మ.

"ఇంట్లో ఆడపిల్ల ఉందే అక్కా. దాన్ని కూడా నీ గోడకి ఆనించనా?"

సామ్రాజ్యం గురవమ్మ రెక్క పట్టి లాగింది. గురవమ్మ ఆమె ముంజేతిని కండ ఊడేలా కరిచింది. ఇంకొకామె చెంబుతో గురవమ్మ మూతి మీద కొట్టింది, పెదవి చీలింది. లోపలి నుంచి పిల్ల తలుపుని భుజంతో నెడుతోంది. బయట నలుగురూ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ గడప మీద పడ్డారు. అంకమ్మ నన్ను ద్వారబంధం పక్కన దూర్చింది. ఈ తలుపు గురవమ్మ పెట్టించుకున్నది, బందులు కదలవు. అంకమ్మ పళ్ళ బిగువున ద్వారబంధాన్నే పెకిలించసాగింది.

జీవితమంతా రాళ్ళు లేపినవాళ్ళు వాళ్ళు. దేని మీద ఏ బండ ఆని ఉందో చూడకుండా చేయి వేయరు. ఆ రోజు తలుపుని మాత్రమే చూశారు. గోడలు మట్టితో పేర్చినవి. గుమ్మం మీది బారుబండ బరువంతా ఆ వేపచెక్కలే మోస్తున్నాయి.

చెక్క ఊడింది. బండ ఒక కొన జారి, అంకమ్మ ఎడమచేతిని గోడకీ బండకీ మధ్య పట్టేసి ఆగింది. ఎముక విరిగిన చప్పుడు నాకు తెలుసు. రాయి విరిగిన చప్పుడు కంటే చిన్నది. తక్కినవాళ్ళు చెదిరిపోయారు. బండ ఇంకొంచెం జారితే అంకమ్మ తల మీదికి వస్తుంది.

గురవమ్మ పెదవి నుంచి రక్తం కారుతూనే కింద పడిన నన్ను తీసింది. బండ కింద నా మొన దూర్చి, మిగతా ఒళ్ళంతా తన భుజం మీద పెట్టుకుని లేచింది. అంత బరువు నేనెప్పుడూ మొయ్యలేదు. పర్వతాన్ని మోశానని చెప్పాలని నోటిదాకా వస్తోంది. చెప్పను, ఇది అలాంటి చోటు కాదు. నేను వంగాను.

"నేను ఊఁ అన్నప్పుడు లాగు" అంది గురవమ్మ.

"గురవా, వదిలి పో. నువ్వూ పోతావు."

"నోరు మూసుకుని ఇను. ఊఁ."

అంకమ్మ లాగింది. చేయి వచ్చింది, రెండు వేళ్ళు రాలేదు. ఇద్దరూ వీధిలోకి దొర్లాక బండ కూలి, దాని వెనకే సగం గోడ కూలింది. పిల్ల పెరటివైపు నుంచి బయటపడింది.

అప్పుడు శ్రీధర్ సారు వచ్చాడు. రక్తం చూసి ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. తన జేబురుమాలు తీసి ఇచ్చాడు. మంచివాడే.

"ఆసుపత్రికి తీసుకెళ్ళండమ్మా" అన్నాడు. వాచీ చూసుకుని, "సాయంత్రంలోగా ఈ వారం జమ చూపించాలి. లేకపోతే నా జీతంలో కోస్తారు" అన్నాడు.

అంకమ్మ ఆ జేబురుమాలు చేతికి చుట్టుకుంది.

"కట్టనోళ్ళ తలుపు గదా సారూ పీకాల్సింది? కట్టందెవరో మేం తప్పు చూసుకున్నాం" అంది.

అంకమ్మకి ఆసుపత్రిలో కట్టు కట్టించి, మర్నాడు పొద్దున ఐదుగురూ బస్సెక్కి టౌనులో కంపెనీ ఆఫీసుకి పోయారు. నన్ను సామ్రాజ్యం పట్టుకుంది, కరిచిన చేతికి కట్టుతోనే. నా నడుము వంగి ఉంది, కండక్టరు నాకూ టికెట్టు అడిగాడు. లోపల శ్రీధర్ సారు, క్యాషియరు ఉన్నారు.

"కంపెనీ కూడా గ్రూపులో మనిషేనన్నారు. ఆ మనిషి గురవమ్మకి కట్టాలి, కట్టలేదు. మేం నలుగురం దాని పూచీ మొయ్యలేం" అంది అంకమ్మ.

క్యాషియరు లేవబోయాడు. సామ్రాజ్యం అతని భుజం మీద చేయి వేసి కుర్చీలో కుదేసింది.

"లేవకూడదు బాబూ. లెక్క తేలేదాకా ఎవరూ లేవకూడదు."

అతను చేయి విదిలించి తోశాడు. సామ్రాజ్యం కొట్టిన దెబ్బకి అతని కళ్ళజోడు గోడకి తగిలి పగిలింది, ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారింది. గురవమ్మ నన్ను తీసుకుని ఆఫీసు తలుపు బందుల్లో దూర్చింది. ఆమె తలుపు పెకిలించడానికి నలుగురూ చాలాసేపు పెనుగులాడారు. ఇది ఒక్క విసురుకి ఊడింది. పైన టేకు రంగు, లోపల అట్ట. దాన్ని ఆటోలో వేసుకొచ్చి, పద్ధతి ప్రకారం అంకమ్మ గోడకి ఆనించారు.

ఆటో వాడికి డబ్బులిచ్చేలోపే పోలీసు జీపు వచ్చింది. ఐదుగురినీ ఎక్కించారు, తలుపుని ఎక్కించారు, నన్ను ఎక్కించారు. నాకు చీటీ కట్టి లక్క ముద్ర వేశారు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో అంకమ్మ దారి చూసి ఇంకెందరో ఆడవాళ్ళు కంపెనీ ఆఫీసుల ముందు గడ్డపారలతో కూర్చున్నారట. పేపర్లలో పడింది. గురవమ్మ బీమా డబ్బు పైనుంచి దిగింది. ఆమె అప్పు కొట్టేశారు. బెయిలు మీద బయటికొచ్చి, కూలిన గోడ మళ్ళీ పేర్చుకుని, ద్వారబంధం నిలబెట్టి, పిల్లని లోపల పెట్టి తలుపు వేసుకుంది. ఇదంతా నా ఘనతేనని స్టేషనులో నా పక్కనున్న కత్తులకి చెబుతుంటాను. అవి చిన్నవి, నమ్ముతాయి.

కేసు కోర్టుకి వచ్చింది. బంట్రోతు నన్ను మోసుకొచ్చి బల్ల మీద పడేస్తే బల్ల కోడు విరిగింది. బోనులో అంకమ్మ నిలబడింది, ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళతో బోను అడ్డకర్ర పట్టుకుని. సర్కారు వకీలు నన్ను చూపించాడు.

"దీనితోనేనా తలుపు పీకింది?"

"ఏ తలుపు సారూ?"

"ఏ తలుపేమిటి? అడిగినదానికి జవాబు చెప్పు."

"సామ్రాజ్యం తలుపు పీకాం. తిరపతయ్య ఇంటిది పీకాం. మాలక్ష్మి తలుపు దాని మొగుడి చేతనే పీకించాం. గురవ ఇల్లే కూలగొట్టాం. పక్కూళ్ళల్లో లెక్కే లేదు. అన్నీ దీంతోనే. దేనికీ ఎవరూ జీపేసుకుని రాలా. మీరు ఏ తలుపో చెప్తే ఔనో కాదో చెప్తా."

వకీలు కాగితాలు తిరగేశాడు. జడ్జిగారు రాస్తున్న కలం ఆపి ఆమె చేతి వైపు చూశారు. చూసి, ఆ పేర్లన్నీ ఇంకోసారి నెమ్మదిగా చెప్పమన్నారు. అంకమ్మ మొదటి నుంచి చెప్పసాగింది. ఆయన రాసుకున్నారు.